దొరాబ్జీ టాటా: కుదువ పెట్టిన వజ్రం, జనానికి వదిలిన బొమ్మలు

జంషెడ్‌పూర్‌ బిష్టుపూర్‌లో సర్ దొరాబ్జీ టాటా పేరుతో ఒక పార్కు ఉంది. ఏటా ఆగస్టు 27న అక్కడ ఆయన విగ్రహానికి పూలమాలలు పడతాయి. ఊళ్లో ఎవరిని అడిగినా ఆయన గురించి ఒకే కథ చెబుతారు. కంపెనీ దివాలా అంచుకు చేరినప్పుడు కార్మికుల జీతాల కోసం భార్య వజ్రాన్ని బ్యాంకులో తాకట్టు పెట్టిన యజమాని అని. కథ నిజమే. అయితే ఆ ఒక్క కథే ప్రచారంలో ఉండటం వల్ల మిగతా జీవితం మరుగున పడిపోయింది. ముఖ్యంగా, దేశదేశాల నుంచి ఏరి తెచ్చి ఇంట్లో పెట్టుకున్న చిత్రాలూ కళాఖండాలూ చివరికి ఎక్కడికి చేరాయి, ఎందుకు చేరాయి అన్నది జంషెడ్‌పూర్‌లోనే చాలామందికి తెలియదు. అవి ఆ ఊరికి రాలేదు కాబట్టి తెలియకపోవడంలో వింత కూడా లేదు.

దొరాబ్జీ 1859 ఆగస్టు 27న బొంబాయిలో పుట్టారు. జంషెడ్జీ, హీరాబాయిల పెద్ద కొడుకు. తండ్రి అప్పటికింకా వ్యాపారంలో కుదురుకోని యువకుడు. కొడుకును 1875లో ఇంగ్లండు పంపారు. అక్కడ కొన్నాళ్లు ప్రైవేటు చదువు, తర్వాత కేంబ్రిడ్జిలోని గాన్‌విల్ అండ్ కీస్ కాలేజీలో రెండేళ్లు. చదువుకంటే ఆటల మీద ధ్యాస ఎక్కువ. క్రికెట్, ఫుట్‌బాల్, టెన్నిస్, పడవ పందాలు, గుర్రపు స్వారీ, ఏదీ వదల్లేదు. 1879లో తిరిగొచ్చి సెయింట్ జేవియర్స్‌లో చేరి 1882లో డిగ్రీ పూర్తి చేశారు. ఆపైన రెండేళ్లు బాంబే గెజెట్ పత్రికలో పనిచేశారు. కోటీశ్వరుడి కొడుకు పత్రికాఫీసులో పనిచేయడం ఆ రోజుల్లోనూ మామూలు సంగతి కాదు. 1884లో తండ్రి పత్తి వ్యాపారంలోకి తీసుకున్నారు. పుదుచ్చేరిలో మిల్లు పెడితే గిట్టుబాటు అవుతుందో లేదో చూసి రమ్మని పంపారు, ఆ తర్వాత నాగపూర్ ఎంప్రెస్ మిల్స్‌లో పని నేర్చుకొమ్మన్నారు.

పెళ్లి ఆలస్యమైంది. మైసూరు వెళ్లినప్పుడు అక్కడి విద్యాశాఖ పెద్ద అయిన భాభా గారింటికి వెళ్లి రమ్మని తండ్రి చెప్పారట. ఆ ఇంట్లో పరిచయమైన అమ్మాయి మెహర్బాయి. ఆయనకంటే 20 ఏళ్లు చిన్న. తర్వాతి కాలంలో అణుశాస్త్రవేత్తగా పేరు పొందిన హోమీ భాభాకు ఈమె మేనత్త. చీర కట్టుకునే టెన్నిస్ ఆడి కప్పులు గెలిచిన మనిషి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ డబుల్స్‌కు పేరిచ్చిన భారతీయురాలు. బాల్యవివాహాల నిషేధ చట్టం కోసం గట్టిగా పనిచేసిన వారిలో ఒకరు. ఈ దంపతులకు పిల్లలు లేరు. ముందుముందు జరిగిన చాలా విషయాలకు ఇది మూలం కాబట్టి ఇక్కడే చెప్పుకోవాలి.

బొంబాయి కోట ప్రాంతంలో తండ్రి కట్టించిన ఎస్‌ప్లనేడ్ హౌస్ వారి ఇల్లు. యూరప్ ఏటేటా వెళ్లొచ్చే కుటుంబం. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి కొని తెచ్చేవారు. తైలవర్ణ చిత్రాలు, పింగాణీ, శిల్పాలు, నగలు. జూబిలీ వజ్రం కూడా అలా కొన్నదే. దక్షిణాఫ్రికా జాగర్స్‌ఫోంటైన్ గనిలో 1895లో దొరికిన రాయి అది. సాన పెట్టాక 245.35 క్యారెట్లు తూగింది. విక్టోరియా రాణి పాలనకు 60 ఏళ్లు నిండిన సందర్భంగా ఆ పేరు పెట్టారు. 1900 పారిస్ ప్రదర్శనలో జనం ఎగబడి చూశారు. ఇప్పుడున్న కోహినూర్‌కు రెండింతల పైన ఉంటుంది. కోహినూర్ అనగానే కృష్ణా తీరంలోని కొల్లూరు గుర్తొచ్చే తెలుగు పాఠకుడికి ఈ లెక్క తేలిగ్గా అందుతుంది. దొరాబ్జీ దాన్ని లక్ష పౌండ్ల దాకా పెట్టి భార్య కోసం కొన్నారు.

తమ్ముడు రతన్ టాటాది ఇంకో తీరు. 1871లో పుట్టారు, అన్నకంటే పన్నెండేళ్లు చిన్న. 2024లో కన్నుమూసిన రతన్ టాటా వేరు, ఈయన వేరు. ఈయన భార్య నవాజ్‌బాయి తర్వాత నవల్‌ను దత్తత తీసుకున్నారు, ఆ నవల్ కొడుకే మనకు తెలిసిన రతన్. అన్న కర్మాగారాల వెంట తిరిగితే తమ్ముడు కళ వెంట తిరిగారు. లండన్ దగ్గర ట్వికెన్‌హామ్‌లో యార్క్ హౌస్ కొని అందులో సేకరణలు నింపారు. పాటలీపుత్ర తవ్వకాలకు పురావస్తు శాఖకు డబ్బిచ్చింది ఈయనే. దక్షిణాఫ్రికాలో గాంధీ పోరాటానికి పెద్ద మొత్తాలు పంపిందీ ఈయనే. అన్నదమ్ములిద్దరికీ సంతానం లేదు, ఇద్దరి ఇళ్లూ బొమ్మలతో నిండి ఉన్నాయి.

ఇనుము కథలో కూడా ఒక మ్యూజియం ఉంది. తండ్రి ఉక్కు కల పట్టుకుని 1903లో దొరాబ్జీ, అమెరికా భూగర్భ నిపుణుడు సి.ఎం. వెల్డ్, బంధువు శాపూర్జీ సక్లత్‌వాలా చాందా జిల్లా అడవుల్లో ఎడ్లబండ్ల మీద తిరిగారు. ఈ సక్లత్‌వాలాయే తర్వాత బ్రిటిష్ పార్లమెంటులో కమ్యూనిస్టు సభ్యుడయ్యారు, అది ఇంకో పెద్ద కథ. అక్కడి ఖనిజం పనికిరాదని వెల్డ్ తేల్చేశారు. ఇక విరమించుకుంటున్నామని చెప్పడానికి దొరాబ్జీ నాగపూర్ సచివాలయానికి వెళ్లారు. కలవాల్సిన అధికారి లేరు. పొద్దు పుచ్చడానికి ఎదురుగా ఉన్న మ్యూజియంలోకి వెళ్లారు. గోడ మీద మధ్య పరగణాల భూగర్భ పటం వేలాడుతోంది. దుర్గ్ జిల్లా దగ్గర ఇనుమును సూచించే రంగు దట్టంగా పూసి ఉంది. వెల్డ్‌ను పిలిచి చూపించారు. అలా వెళ్లి చూసినవే ధల్లీ రాజ్‌హరా కొండలు. నడుస్తుంటే కాలి కింద ఖణేల్‌మనేంత ఇనుము. కానీ తగిన బొగ్గూ నీరూ దగ్గర్లో లేక టాటాలు వదులుకున్నారు. అర్ధ శతాబ్దం తర్వాత అదే ఖనిజం మీద భిలాయ్ ఉక్కు కర్మాగారం లేచింది.

ఆ కొండల గురించి 1880లలోనే రాసిపెట్టిన భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్. ప్రభుత్వ సర్వే నుంచి విరమించి మయూర్‌భంజ్ సంస్థానంలో పనిచేస్తూ 1904 ఫిబ్రవరి 24న జంషెడ్జీకి ఉత్తరం రాశారు, గోరుమహిసాని కొండల్లో మేలైన ఖనిజం ఉందని. ఆ ఉత్తరం అందిన మూడు నెలలకు, మే 19న, జర్మనీలోని బాడ్ నౌహైమ్‌లో జంషెడ్జీ చనిపోయారు. కొడుకు చేతిలో మిగిలింది ఒక ఉత్తరం, ఒక కల, రెండేళ్ల ముందు తండ్రి రాసిన ఇంకో ఉత్తరం. కట్టబోయే ఊళ్లో వెడల్పైన వీధులు ఉండాలని, త్వరగా నీడనిచ్చే చెట్లు నాటాలని, ఆటస్థలాలకూ గుడి, మసీదు, చర్చిలకూ చోటు వదలాలని అందులో ఉంది. స్థలం ఎక్కడో కూడా తెలియని రోజుల్లో రాసిన ఉత్తరం.

స్థలం 1907 చివర్లో దొరికింది. వెల్డ్, ఆయనతోపాటు శ్రీనివాసరావు అనే సహోద్యోగి తిరుగుతూ తిరుగుతూ సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి చేరారు. సాక్చి అనే పల్లె. దగ్గర్లోనే బెంగాల్ నాగపూర్ రైల్వే కాలిమాటి స్టేషను. ఖనిజం ఒక పక్క, ఝరియా బొగ్గు ఒక పక్క, ఏడాది పొడవునా నీరు.

డబ్బు సంగతికొస్తే, లండన్ మార్కెట్ మొహం చాటేసింది. దొరాబ్జీ స్వదేశంలోనే అడగాలని నిర్ణయించారు. అది స్వదేశీ ఉద్యమం ఉధృతంగా ఉన్న కాలం. 1907 ఆగస్టు 26న కంపెనీ రిజిస్టరయింది. బొంబాయి ఆఫీసు ముందు తెల్లవారుజాము నుంచి జనం బారులు తీరారు. మూడు వారాల్లో దాదాపు 8,000 మంది భారతీయులు 2 కోట్ల 32 లక్షల రూపాయల వాటాలు కొనేశారు. ఆ తర్వాత నిర్వహణకు కావలసిన 4 లక్షల పౌండ్ల డిబెంచర్లు మొత్తం గ్వాలియర్ మహారాజు ఒక్కరే తీసుకున్నారు. 1908 ఫిబ్రవరిలో సాక్చిలో మొదటి మేకు దిగింది. 1911 డిసెంబరు 2న ఇనుము, 1912 ఫిబ్రవరి 16న ఉక్కు. ఎనిమిది గంటల పనిదినం 1912లోనే మొదలైంది, చాలా పాశ్చాత్య దేశాల్లో చట్టం రాకముందే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. సాక్చి ఖాళీ నేల కాదు. మొదటి విడతలోనే 3,564 ఎకరాలు భూసేకరణ చట్టం కింద కంపెనీకి దఖలు పడ్డాయి. ధల్‌భూమ్ జమీందారీలోని ఆ నేల మీద సంతాల్, హో, భూమిజ్ కుటుంబాలు తరతరాలుగా పంటలు పండించుకుంటున్నాయి. సాక్చి, సోనారి, కదమా, బేల్‌డీ ఇవన్నీ ఇవాళ కాలనీల పేర్లు, అప్పుడు పల్లెలు. జంషెడ్‌పూర్ చరిత్ర అని రాసే పుస్తకాల్లో ఈ పల్లెలకు సాధారణంగా ఒక వాక్యం దక్కుతుంది, అదీ అడవిని నగరం చేశారన్న మాటలో కలిసిపోయి. ఆ మనుషుల్లో చాలామంది కర్మాగారంలో మట్టి మోసే కూలీలుగా, ఆడవాళ్లయితే రేజాలుగా మారారు.

ఆ పల్లెలకు తమ చిత్రకళ ఉంది. ధల్‌భూమ్ ప్రాంతంలో చిత్రకారులు కాగితాలు ఒకదానికొకటి అతికించి పొడవాటి చుట్టగా చేసి కథంతా బొమ్మలుగా గీస్తారు. దీన్ని పైట్కర్ అంటారు. రంగులు మట్టి, ఆకులు, మసి నుంచి తీసుకునేవి. ఊరూరా తిరిగి చుట్ట విప్పుతూ కథ పాడి వడ్లో బియ్యమో తీసుకునేవారు. సంతాల్ ఇంట్లో ఎవరైనా చనిపోతే, ఆ మనిషి బొమ్మను కనుపాపలు లేకుండా గీసి తీసుకెళ్లే ఆచారం కూడా ఉండేది. కుటుంబం కానుక ఇచ్చాక చిత్రకారుడు కంట్లో చుక్క పెడతాడు. అప్పుడే పోయినవారికి పై లోకంలో దారి కనిపిస్తుందని నమ్మకం. దొరాబ్జీ సేకరణ పెరుగుతున్న రోజుల్లోనే ఈ చుట్టలు ఆయన కర్మాగారం గోడకు నడకదూరంలో ఉన్న పల్లెల్లో తిరుగుతున్నాయి. ఆ కాలపు బొంబాయి సంపన్నుల కంటికి అవి కళగా ఆనలేదు. వారికి కళ అంటే పారిస్, లండన్ వేలంపాటల్లో దొరికేది, లేదంటే చైనా, జపాన్‌ల నుంచి ఓడలో దిగేది. ఇది దొరాబ్జీ ఒక్కరి తప్పు అనలేం, ఆ తరం చూపే అంత.

ఊరు పెరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాకు పట్టాలు వెళ్లింది ఇక్కడినుంచే. 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కాలిమాటి స్టేషను టాటానగర్ అయింది. దేశం నలుమూలల నుంచి పనివాళ్లు వచ్చారు. రైలు మార్గం దగ్గర కావడంతో ఉత్తరాంధ్ర నుంచి, గంజాం నుంచి తెలుగు కుటుంబాలూ పెద్ద సంఖ్యలో చేరాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వాళ్లు కట్టుకున్నదే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో టాటాలో పనిచేసిన తాతగారున్న ఇళ్లు ఇప్పటికీ కనబడతాయి. 1924లో జీతాల డబ్బు అందకపోతే పొయ్యి వెలగని ఇళ్లలో అవీ ఉండేవి.

ఆ సంక్షోభం ఒక్కరోజులో రాలేదు. యుద్ధకాలంలో లాభాలు చూసి 1917లో కర్మాగారాన్ని భారీగా విస్తరించడం మొదలుపెట్టారు. యంత్రాలు ఆలస్యమయ్యాయి, ఖర్చు అంచనాలు దాటింది. యుద్ధం అయిపోయాక యూరప్ ఉక్కు చౌకగా భారతదేశంలో వచ్చి పడింది. 1923 సెప్టెంబరులో జపాన్ భూకంపం రావడంతో దుక్క ఇనుము కొనే పెద్ద ఖాతాదారు చేజారింది. 1924లో ఒకరోజు జంషెడ్‌పూర్ నుంచి బొంబాయికి తంతి వచ్చింది, జీతాలకు డబ్బు లేదని. దొరాబ్జీకి అప్పుడు 65 ఏళ్లు. తన సొంత ఆస్తి యావత్తూ, దాదాపు కోటి రూపాయల విలువైనది, ఇంపీరియల్ బ్యాంకుకు కుదువ పెట్టి అప్పు తెచ్చారు. అందులో మెహర్బాయి నగలు, జూబిలీ వజ్రం ఉన్నాయి. ఆమె అభ్యంతరం చెప్పలేదు. అదే ఏడు ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం వచ్చింది, దిగుమతి సుంకాలు పెరిగాయి, కంపెనీకి ప్రభుత్వ సాయం అందింది. కంపెనీ నెమ్మదిగా గట్టెక్కింది. నగలు తిరిగొచ్చాయి.

ఈ కథను చెప్పేటప్పుడు మర్చిపోకూడనిది ఇంకోటి ఉంది. వజ్రం తాకట్టు పెట్టి జీతాలిచ్చిన కంపెనీలోనే 1920లో, 1922లో సమ్మెలు జరిగాయి. 1928లో నెలల తరబడి సమ్మె, లాకౌట్ నడిచాయి, రాజీ కుదర్చడానికి సుభాష్ చంద్రబోస్ రావాల్సి వచ్చింది. 1925లో గాంధీ కూడా వచ్చి కార్మిక సంఘాన్ని యాజమాన్యం గుర్తించే దిశగా మాట్లాడి వెళ్లారు. యజమాని ఉదారుడు కావడం, కార్మికుడికి న్యాయం అందడం రెండూ ఒకటి కావు. దొరాబ్జీ మంచి మనిషి అనడానికి మొదటిది చాలు, జంషెడ్‌పూర్ బాగుంది అనడానికి అది చాలదు.

ఇప్పుడు బొమ్మల సంగతి. తమ్ముడు రతన్ 1918 సెప్టెంబరు 5న ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌లో 47 ఏళ్లకే చనిపోయారు. కళా సేకరణ మొత్తం బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియానికి చెందేలా రాసిపెట్టి పోయారు. ఆ మ్యూజియం కథ కూడా సాఫీగా సాగలేదు. 1905 నవంబరులో శంకుస్థాపన. జార్జ్ విటెట్ గీసిన భవనం 1914కి పూర్తయింది, కానీ యుద్ధం రావడంతో సైనికుల ఆసుపత్రిగా మారింది. 1922 జనవరి 10న గానీ మ్యూజియంగా తలుపులు తెరుచుకోలేదు. అందమైన గుమ్మటం ఉంది, గదులున్నాయి, లోపల పెట్టడానికి మాత్రం సరిపడా సరుకు లేదు. అప్పుడు అందిన రతన్ టాటా సేకరణ ఆ గదులకు నిండుదనం ఇచ్చింది. ప్రభుత్వం కట్టిన మ్యూజియాన్ని ఒక వ్యాపారి ఇంటి సామాను నిలబెట్టిందంటే అతిశయోక్తి కాదు.

తమ్ముడి నిర్ణయం అన్న మీద పని చేసి ఉంటుందనుకోవడం సహజం. పిల్లలు లేని ఇల్లు. సేకరణకు వారసుడు లేకపోతే రెండే దారులు. వేలంలో ముక్కలు ముక్కలుగా చెదిరిపోవడం, లేదా జనానికి అప్పగించడం. మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాదులోనే ఉంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా వస్తువులు పోగుచేశారు. పెళ్లి చేసుకోలేదు. 1949 మార్చి 2న చనిపోయేనాటికి ఆ సేకరణ గతి ఏమిటో తేలలేదు. ప్రభుత్వం చొరవ తీసుకోవడంతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడిలో నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం తెరుచుకుంది. చివరికి పార్లమెంటు 1961లో చట్టం చేసి జాతీయ సంస్థగా ప్రకటించింది. యజమాని ముందే కాగితం మీద పెట్టకపోతే ఎంత తతంగం ఉంటుందో సాలార్‌జంగ్ కథ చెబుతుంది. టాటా సోదరులు ఆ పని వారసులకు వదల్లేదు.

1931 జూన్ 18న మెహర్బాయి చనిపోయారు. ల్యుకేమియా. వేల్స్‌లోని ఒక ఆసుపత్రిలో. వయసు 51. లండన్‌కు దగ్గర్లోని బ్రూక్‌వుడ్ శ్మశానంలో పార్శీల విభాగంలో ఖననం చేశారు. దొరాబ్జీకి అప్పటికి 71 దాటాయి, ఆరోగ్యం అంతంతమాత్రం. ఆ దుఃఖంలో ఆయన చేసింది కాగితాల పని. 1932 మార్చి 11న తన ఆస్తి మొత్తం ఒక ట్రస్టుకు రాశారు. టాటా సంస్థల్లో వాటాలు, భూములు, ఇళ్లు, నగలు. ముత్యం పొదిగిన టై పిన్ను సైతం జాబితాలో ఉంది. విలువ కోటి రూపాయల దాకా. జాతి, మతం, ప్రాంతం చూడకుండా వాడాలని షరతు. భార్య పేరున ఇంకో ట్రస్టు ఏప్రిల్‌లో పెట్టారు, ఆమెను తీసుకుపోయిన రక్త వ్యాధి మీద పరిశోధనకు. భారతీయుడు పెట్టిన ఆ ట్రస్టు సొమ్ముతో ప్రపంచంలో ఎక్కడి శాస్త్రవేత్తలైనా ల్యుకేమియా మీద పనిచేయవచ్చు. 1932లో అలాంటి ఆలోచన అరుదు.

తర్వాత యూరప్ బయలుదేరారు, భార్య సమాధి చూడాలని. దారిలోనే జర్మనీలోని బాడ్ కిసింగెన్‌లో 1932 జూన్ 3న గుండె ఆగిపోయింది. ట్రస్టు రాసి మూడు నెలలు కూడా కాలేదు. తండ్రి చనిపోయిందీ జర్మనీలోనే, ఆరోగ్యం కోసం వెళ్లిన మరో ఊళ్లోనే. దొరాబ్జీని బ్రూక్‌వుడ్‌లో మెహర్బాయి పక్కనే ఉంచారు.

కళాఖండాలు 1933లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియానికి చేరాయి. అన్నదమ్ముల రెండు సేకరణలూ పదేళ్ల తేడాతో ఒకే కప్పు కిందికి వచ్చాయి. ఆ మ్యూజియంలో ఇవాళ కనిపించే యూరప్ తైలవర్ణ చిత్రాలు, చైనా, జపాన్ పింగాణీ, జేడ్ రాతి వస్తువులు చాలావరకు ఈ ఇద్దరి ఇళ్ల నుంచి వచ్చినవే. 1998లో ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయ అని పేరు మారింది. అక్కడికి బడి పిల్లలు బస్సుల్లో వస్తారు. ఒకప్పుడు ఎస్‌ప్లనేడ్ హౌస్ విందులకు పిలుపు అందిన కొద్దిమంది మాత్రమే చూడగలిగిన బొమ్మల ముందు టిక్కెట్టు కొన్నవాళ్లు ఎవరైనా ఎంతసేపైనా నిలబడవచ్చు.

వజ్రాన్ని మాత్రం మ్యూజియంలో పెట్టలేదు. ట్రస్టీలు దాన్ని కార్టియే సంస్థ ద్వారా 1937లో అమ్మేశారు. ఆ సొమ్ము ట్రస్టు ఖాతాలో కలిసింది. 1936లో సామాజిక సేవా విద్యాలయం, అదే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. 1941 ఫిబ్రవరిలో బొంబాయిలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి. 1945లో మెహర్బాయి మేనల్లుడు హోమీ భాభా అడిగితే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్. ఇవన్నీ దొరాబ్జీ ట్రస్టు డబ్బుతో మొదలైనవే. వజ్రం గాజు పెట్టెలో మెరుస్తూ ఉండటం కంటే క్యాన్సర్ ఆసుపత్రి గోడగా మారడం మెరుగు. అదే తర్కం చిత్రాలకు వర్తించదు. చిత్రాన్ని అమ్మితే అది ఇంకో ధనికుడి గోడెక్కుతుంది, జనం కంటికి దూరమవుతుంది. రెండింటికీ రెండు దారులు ఎంచుకోవడంలో వివేకం ఉంది.

ఆటల మీది మమకారం గురించి కూడా ఒక ముక్క. పూనాలో 1919లో చెప్పులు లేకుండా పరిగెత్తే పల్లెటూరి కుర్రాళ్లను చూసి, వాళ్లు ఒలింపిక్స్‌కు ఎందుకు వెళ్లకూడదని పట్టుబట్టింది దొరాబ్జీయే. 1920 ఆంట్‌వెర్ప్‌కు వెళ్లిన జట్టు ఖర్చులో పెద్ద భాగం ఆయన జేబులోంచే. 1927లో ఏర్పడిన భారత ఒలింపిక్ సంఘానికి తొలి అధ్యక్షుడు. జంషెడ్‌పూర్‌కు ఇవాళ ఉన్న క్రీడల పేరుకు వేరు అక్కడే ఉంది.

కళ విషయంలో జంషెడ్‌పూర్ వంతు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1958లో నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్కు వచ్చింది, 1975లో మెహర్బాయి పేరిట క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది. దొరాబ్జీ ఇంటి బొమ్మలు ఒక్కటీ ఆయన కట్టిన ఊరికి రాలేదు. 1930లలో మ్యూజియం అంటే బొంబాయో కలకత్తానో, ఉక్కు కార్మికుల ఊరికి చిత్రశాల ఎందుకన్న ప్రశ్న కూడా ఎవరికీ తట్టలేదు. చివరికి సోనారిలో టాటా స్టీల్ ఆదివాసీ సాంస్కృతిక కేంద్రం పెట్టింది. ఆ ప్రాంతపు సంతాల్, హో, ముండా, ఉరావ్ తెగల వస్తువులు, సంగీత పరికరాలు, జీవన విధానం అక్కడ చూడొచ్చు. 2014 నుంచి ఏటా నవంబరులో సంవాద్ పేరుతో దేశవ్యాప్త ఆదివాసీల సమావేశం జరుగుతోంది, వాళ్ల చేతివృత్తులు, బొమ్మలు, వంటలు ఊరి మధ్యకు వస్తున్నాయి. ఒకప్పుడు కర్మాగారం కోసం ఊరొదిలినవాళ్ల మనవలు, మునిమనవలు అందులో చాలామంది.

జంషెడ్‌పూర్ నుంచి ధల్‌భూమ్‌గఢ్ వైపు వెళ్తే ఆమాదుబి అనే పల్లె వస్తుంది. పైట్కర్ చిత్రకారుల కుటుంబాలు కొన్ని అక్కడ ఇంకా పని చేస్తున్నాయి. చుట్ట విప్పి పాడి వడ్లు తీసుకునే రోజులు పోయాయి. ఇప్పుడు కొనేది ఎక్కువగా పట్నాల నుంచి వచ్చేవాళ్లు, సంతల్లో, ప్రదర్శనల్లో. కొన్న బొమ్మలు తీసుకెళ్లి తమ ఇంటి గోడలకు తగిలించుకుంటారు.